న్యూట్రినోల కోసం మంచులో యాంటెన్నాలు: గాదంకి నుంచి గ్రీన్‌ల్యాండ్ దాకా ఒకే సూత్రం

క్లుప్తంగా

న్యూట్రినో అంటే విద్యుదావేశం లేని అతిసూక్ష్మ కణం. విశ్వంలో అత్యధిక శక్తితో ప్రయాణించే న్యూట్రినోలు భూమికి చేరడమే అరుదు, చేరినవి పదార్థంతో ఢీకొనడం మరీ అరుదు. వాటిని పసిగట్టాలంటే వందల చదరపు కిలోమీటర్ల మేర పదార్థాన్ని ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండాలి. ఢీకొన్నప్పుడు పుట్టే కాంతిని గుర్తించే పరికరాలను అంత మేర దించాలంటే ఖర్చు భరించలేనిది. అప్పుడే పుట్టే రేడియో తరంగం బాగా చల్లటి మంచులో కిలోమీటరు దాకా పోగలదు కాబట్టి యాంటెన్నాలతో ఆ పని చేయవచ్చునన్నది ఈ పద్ధతికి ఆధారం. ఇంతవరకు ఈ దారిలో ఒక్క న్యూట్రినో కూడా నిర్ధారణగా దొరకలేదు. అయితే పద్ధతికి మూలమైన భౌతిక ప్రక్రియ ప్రయోగశాలలో రుజువైంది, ధ్రువపు మంచులోనూ దాని ఆనవాళ్లు కనిపించాయి.

శీర్షికలు చెప్పినదీ, కొలతలు చెప్పినదీ

"అంటార్కిటికా మంచు అడుగునుంచి అంతుచిక్కని రేడియో సంకేతాలు" అన్న అర్థం వచ్చే వార్తలు 2020లో ఒకసారి, 2025లో మరోసారి చక్కర్లు కొట్టాయి. మొదటిసారి వాటికి "సమాంతర విశ్వం" అన్న మాట కూడా తోడైంది. ఆ సంకేతాలను నమోదు చేసినది అనిటా అనే బెలూన్ ప్రయోగం. 2006 నుంచి 2016 దాకా నాలుగు విడతలుగా ఎగిరిన ఆ బెలూన్, కింద పరుచుకున్న మంచు పలకను యాంటెన్నాలతో గమనించింది. ఆకాశంనుంచి వచ్చే విశ్వకిరణాలు, అంటే విద్యుదావేశం ఉన్న అధికశక్తి కణాలు, వాతావరణంలో పుట్టించే క్షణికమైన రేడియో స్పందనలు మంచుమీద పడి తిరిగి పైకి వచ్చేటప్పుడు వాటి తరంగరూపం తలకిందులవుతుంది. రెండు స్పందనలు మాత్రం తలకిందులు కాకుండానే, బాగా నిటారు కోణంలో, మంచులోంచి పైకి లేచినట్టు కనిపించాయి.

ఆ కోణంలో పైకి రావాలంటే ఆ కణం భూగర్భంలో వేల కిలోమీటర్ల రాతిని దాటి ఉండాలి. అంత శక్తిగల న్యూట్రినో అంత రాతిని దాటలేదు కాబట్టి "ఇవి న్యూట్రినోలు" అన్న వివరణ అతకలేదు. దక్షిణ ధ్రువపు మంచులో కాంతి గ్రాహకాలతో న్యూట్రినోలను వెతికే ఐస్‌క్యూబ్, అర్జెంటీనాలో విశ్వకిరణాలను గమనించే పియర్ ఓజే వేధశాల తమ తమ సమాచారంలో వెతికినా, కొత్త రకం కణాలతో చెప్పే వివరణలకు బలం చిక్కలేదు. కారణం ఇంకా తేలలేదన్నది నిజమే. కారణం తేలనంత మాత్రాన అది మరో విశ్వానికి సాక్ష్యం కాదు.

దీనితో సంబంధం లేని మరో వార్త 2025 ఫిబ్రవరిలో వచ్చింది. సిసిలీ తీరానికి ఆవల మధ్యధరా సముద్రంలో 3,450 మీటర్ల లోతున ఉన్న కేఎం3నెట్ పరికరం, 2023 ఫిబ్రవరి 13న సుమారు 220 పెటా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిగల న్యూట్రినో జాడను పట్టుకుంది. మన లెక్కలో అది 2,200 కోట్ల కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు. గ్రాము బరువున్న చింతగింజ మూడున్నర మీటర్ల ఎత్తునుంచి జారిపడితే ఎంత శక్తి ఉంటుందో అంత శక్తి ఒక్క కణంలో ఇమిడి ఉందన్న మాట. జెనీవా దగ్గరి మహా కణత్వరణ యంత్రంలో ప్రోటాన్‌కు అందే శక్తికి ఇది దాదాపు 30 వేల రెట్లు. ఈ రెండు వార్తలను ఒకే గాటన కట్టడంవల్లే గందరగోళం ఏర్పడింది. ఒకటి రేడియో పద్ధతిలో కనిపించిన, ఇంకా అర్థంకాని స్పందన. రెండవది కాంతి పద్ధతిలో దొరికిన, న్యూట్రినోగా గుర్తించగలిగిన ఘటన. రెండవదాని వంటివి మరిన్ని కావాలంటే మొదటిదాని పద్ధతి ఎందుకు అవసరమవుతుందన్నదే అసలు విషయం.

అంత శక్తి ఎక్కడిది?

విశ్వకిరణాల్లో కొన్నింటి శక్తి మానవ యంత్రాలకు ఊహకైనా అందనిది. 2021 మే 27న అమెరికాలోని యూటా ఎడారిలో నమోదైన ఒక కణానికి శాస్త్రవేత్తలు అమతెరాసు అని పేరు పెట్టారు. దాని శక్తి 240 ఎక్సా ఎలక్ట్రాన్ వోల్టులు (ఎక్సా అంటే వెయ్యి పెటాలు), అంటే కేఎం3నెట్ న్యూట్రినోకు దాదాపు వెయ్యి రెట్లు. ఇవి ఎక్కడ పుట్టాయో కనిపెట్టడం కష్టం. విద్యుదావేశం ఉన్న కణాలు కాబట్టి నక్షత్ర మండలాల అయస్కాంత క్షేత్రాలు వాటి దారిని వంచుతాయి. వచ్చిన దిశను వెనక్కి పొడిగిస్తే అవి పుట్టిన చోటు తగలదు.

1965లో విశ్వమంతా నిండిన సూక్ష్మతరంగ నేపథ్య వికిరణం బయటపడిన వెంటనే, 1966లో అమెరికాలో గ్రైసెన్, సోవియట్ దేశంలో జాట్సెపిన్, కుజ్మిన్ ఒక సంగతి గుర్తించారు. ప్రోటాన్ శక్తి ఒక హద్దు దాటితే ఆ మంద వికిరణపు ఫోటాన్లే దానికి అడ్డుగోడ అవుతాయి. ప్రోటాన్ వాటిని ఢీకొని పయాన్లు అనే అల్పాయుష్షు కణాలను పుట్టిస్తూ శక్తిని పోగొట్టుకుంటుంది. పయాన్లు క్షయించినప్పుడు న్యూట్రినోలు పుడతాయని 1969లో బెరెజిన్‌స్కీ, జాట్సెపిన్ చూపారు. న్యూట్రినోకు ఆవేశం లేదు, అది వంగదు, దారిలో ఆగదు. కాబట్టి మహాశక్తి కణాల కథను చెరిగిపోకుండా మనదాకా మోసుకురాగలిగినది అదొక్కటే.

ఈ న్యూట్రినోలు ఎన్ని వస్తాయన్నది విశ్వకిరణాలు దేనితో తయారయ్యాయన్న ప్రశ్నతో ముడిపడి ఉంది. అవి ఎక్కువగా ప్రోటాన్లయితే న్యూట్రినోలు ఎక్కువ. ఇనుము వంటి బరువైన కేంద్రకాలయితే, అదే శక్తి అనేక కణాల మధ్య పంచుకోబడుతుంది గనుక, చాలా తక్కువ. అందువల్ల న్యూట్రినోలు దొరికినా, దొరక్కపోయినా ఒక జవాబు లభిస్తుంది.

కోలారు గనినుంచి దక్షిణ ధ్రువం దాకా

చిత్తూరు జిల్లా పడమటి కొసన కుప్పం దాటి కర్ణాటకలో అడుగుపెడితే కోలారు బంగారు గనుల ప్రాంతం వస్తుంది. 1965లో ఆ గనుల్లో, భూమికి 2 కిలోమీటర్లకు పైగా లోతున, టాటా మౌలిక పరిశోధన సంస్థ, జపాన్‌లోని ఒసాకా, ఇంగ్లండ్‌లోని డరమ్ విశ్వవిద్యాలయాల బృందం వాతావరణంలో పుట్టిన న్యూట్రినోలను గుర్తించింది. అదే ఏడాది దక్షిణాఫ్రికా గనిలో మరో బృందం కూడా గుర్తించింది. ప్రపంచంలో ఈ రకం న్యూట్రినోలు కనిపించిన మొదటి రెండు చోట్లలో ఒకటి మన సరిహద్దుకు ఆనుకుని ఉందన్న సంగతి ఈ ప్రాంతపు పాఠ్యపుస్తకాల్లో ఇంకొంచెం చోటు సంపాదించుకోవలసినది.

కోలారులో పరికరం గదంత ఉండేది. చుట్టూ ఉన్న రాతిలో న్యూట్రినో ఢీకొని పుట్టించిన మ్యూయాన్ అనే కణం ఆ గదిగుండా పోతేనే లెక్కలోకి వచ్చేది. తర్వాతి తరం ఆలోచన వేరు. పరికరాన్ని పెద్దది చేయడానికి బదులు పారదర్శకమైన ప్రకృతి పదార్థాన్నే పరికరంగా మార్చారు. 2010 చివర పూర్తయిన ఐస్‌క్యూబ్‌లో 86 తీగలమీద 5,160 కాంతి గ్రాహకాలు, మంచులో 1,450 నుంచి 2,450 మీటర్ల లోతు మధ్య వేలాడుతున్నాయి. ఘన కిలోమీటరు మంచు అక్కడ ఒకే పరికరంగా పనిచేస్తుంది. సౌర కుటుంబానికి ఆవలినుంచి వచ్చే అధికశక్తి న్యూట్రినోలు ఉన్నాయని 2013లో తేల్చినది ఇదే.

కాంతి పద్ధతికి ఉన్న హద్దు దూరానికి సంబంధించినది. ఎంత స్వచ్ఛమైన మంచులోనైనా నీలికాంతి నూరు మీటర్ల స్థాయిలోనే చెదిరి, క్షీణిస్తుంది. అందుకే ఐస్‌క్యూబ్ తీగల మధ్య ఎడం సుమారు 125 మీటర్లు మాత్రమే. పైగా ఒక్కో తీగకు వేడినీటితో దాదాపు 8 వేల అడుగుల బోరు కరిగించాలి. పరిమాణాన్ని నూరు రెట్లు చేయాలంటే బోర్లు కూడా దాదాపు నూరు రెట్లవుతాయి. అత్యధిక శక్తి న్యూట్రినోల విషయంలో ఆ నూరు రెట్లు నిజంగానే అవసరం.

అస్కార్యన్ చూసిన దారి

1960ల తొలి ఏళ్లలో సోవియట్ భౌతిక శాస్త్రవేత్త గుర్గెన్ అస్కార్యన్ ఒక ప్రతిపాదన చేశాడు. దట్టమైన పదార్థంలో అధికశక్తి కణం ఢీకొన్నప్పుడు ఒకటి రెండై, రెండు నాలుగై, ఎలక్ట్రాన్లు, వాటికి ధనావేశపు ప్రతిరూపాలైన పాజిట్రాన్లు, ఫోటాన్లతో కూడిన కణాల జల్లు పుడుతుంది. న్యూట్రినో శక్తి 1 పక్కన 18 సున్నాలన్ని ఎలక్ట్రాన్ వోల్టులయితే ఆ జల్లులో కణాల సంఖ్య వంద కోట్ల స్థాయికి చేరుతుంది. ఎలక్ట్రాన్లూ పాజిట్రాన్లూ జంటలుగా పుడతాయి కాబట్టి మొత్తంమీద ఆవేశం సున్నా కావాలని అనిపిస్తుంది. అస్కార్యన్ గమనించినది అలా ఎందుకు కాదన్నదే. జల్లులోని ఫోటాన్లు దారిలో ఉన్న అణువుల నుంచి ఎలక్ట్రాన్లను తన్ని తమతో తీసుకుపోతాయి. ఇటు పాజిట్రాన్లు దారిలోని ఎలక్ట్రాన్లతో కలిసి మాయమవుతాయి. ఒకవైపు కూడిక, మరోవైపు తీసివేత. ఫలితంగా జల్లు ముందుభాగంలో ఋణావేశం దాదాపు 20 శాతం ఎక్కువవుతుంది.

ఈ ఋణావేశపు ముద్ద మంచులో కాంతికంటే వేగంగా పోతుంది. శూన్యంలో కాంతి వేగాన్ని ఏదీ మించలేదు గాని, మంచులో కాంతి ఆ వేగంలో సుమారు 76 శాతానికి, రేడియో తరంగం 56 శాతానికి తగ్గిపోతాయి కాబట్టి ఇది సాధ్యమే. శ్రీహరికోట నుంచి లేచిన రాకెట్ ధ్వని వేగాన్ని మించినప్పుడు దాని వెనుక శంకువు ఆకారంలో ఆఘాత తరంగం ఏర్పడినట్టే, ఇక్కడ విద్యుదయస్కాంత తరంగం శంకువుగా ఏర్పడుతుంది. ఇదే చెరెంకోవ్ వికిరణం. ఐస్‌క్యూబ్ చూసే నీలికాంతీ ఇదే, యాంటెన్నాలు పట్టదలచిన రేడియో తరంగమూ ఇదే. తేడా అంతా తరంగదైర్ఘ్యంలో ఉంది.

ఆ తేడా ఎంత పెద్దదో చూడాలంటే తిరుమల మాడవీధులను తలచుకోవచ్చు. వెయ్యి మంది ఎవరికి వారు మాట్లాడుకుంటుంటే గోలగా వినిపిస్తుంది. అదే వెయ్యి మంది ఒక్క క్షణాన "గోవిందా" అంటే ఆ నాదం వేరు. విడివిడి మాటల్లో ధ్వని శక్తి మనుషుల సంఖ్యతో సమంగా పెరుగుతుంది. అందరి తరంగాలూ అచ్చంగా అడుగు కలిపితే మాత్రం సంఖ్య వర్గంతో పెరుగుతుంది. మనుషుల గొంతుల్లో ఆ కలయిక సంపూర్ణంగా కుదరదు, కణాల జల్లులో కుదురుతుంది. జల్లు అడ్డకొలత సుమారు 10 సెంటీమీటర్లు. నీలికాంతి తరంగదైర్ఘ్యం మీటరులో 20 లక్షల వంతుకన్నా తక్కువ కాబట్టి ఆ కాంతికి ప్రతి కణమూ విడిగానే కనిపిస్తుంది. 300 మెగాహెర్ట్జ్ రేడియో తరంగానికి మంచులో తరంగదైర్ఘ్యం అర మీటరు పైచిలుకు. ఆ తరంగం దృష్టిలో జల్లు మొత్తం ఒకే బిందువు. కాబట్టి అన్ని ఎలక్ట్రాన్ల తరంగాలూ అడుగు కలుపుతాయి. న్యూట్రినో శక్తి పదింతలయితే రేడియో శక్తి నూరింతలవుతుంది.

దీనికి మరో కోణం కూడా ఉంది. శక్తి తగ్గితే రేడియో సంకేతం అంతే వేగంగా పడిపోతుంది. అందుకే ఐస్‌క్యూబ్ బాగా చూడగలిగే తక్కువ శక్తుల దగ్గర యాంటెన్నాలకు ఏమీ వినిపించదు. ఈ రెండు పద్ధతులూ పోటీదారులు కావు, ఒకటి ఆగిన చోట మరొకటి మొదలవుతుంది.

అస్కార్యన్ ప్రతిపాదన నాలుగు దశాబ్దాలు కాగితంమీదనే ఉండిపోయింది. 2000లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ కణత్వరణ కేంద్రంలో ఇసుక రాశిలోకి ఫోటాన్ల పుంజాన్ని పంపి ఆ రేడియో స్పందనను తొలిసారి కొలిచారు. 2006లో అక్కడే ఏడున్నర టన్నుల మంచు దిమ్మెతో ప్రయోగం చేశారు. ఎంత శక్తికి ఎంత సంకేతం రావాలో లెక్క కుదిరింది.

మంచే ఎందుకు, సముద్రం ఎందుకు కాదు?

మైక్రోవేవ్ పొయ్యిలో నీళ్లు చిటికెలో వేడెక్కుతాయి గాని గడ్డకట్టిన పదార్థం కరగడానికి సమయం పడుతుంది. నీటి అణువులు విద్యుత్ క్షేత్రంతోపాటు తిరుగుతూ తరంగ శక్తిని పీల్చుకుంటాయి. మంచులో అవి స్ఫటికంలో బంధించబడి ఉంటాయి, అంత సులువుగా తిరగలేవు. మంచు ఎంత చల్లగా ఉంటే రేడియో తరంగం అంత దూరం పోతుంది. దక్షిణ ధ్రువంలో మంచు మందం దాదాపు 2.8 కిలోమీటర్లు, పైభాగపు ఉష్ణోగ్రత సున్నాకు 50 డిగ్రీల దిగువన. అక్కడ రేడియో తరంగం క్షీణించే దూరం కిలోమీటరు స్థాయిలో ఉంటుంది.

సముద్రపు నీటిలో ఉప్పు ఉంది, అది విద్యుద్వాహకం, రేడియో తరంగాలను వెంటనే మింగేస్తుంది. కేఎం3నెట్ కాంతినే నమ్ముకోవలసి రావడానికి కారణం ఇదే. రాతి విషయానికొస్తే, శేషాచలం కొండలు ఎంత విశాలమైనవైనా రాతిలోని తేమ, ఖనిజాలు తరంగాన్ని త్వరగా పీల్చేస్తాయి.

దూరం పెరిగినందువల్ల కలిగే లాభం లెక్క చూస్తే తెలుస్తుంది. గ్రీన్‌ల్యాండ్ మంచు శిఖరాన 2021లో మొదలైన ఆర్‌ఎన్‌ఓ-జీ ప్రయోగంలో కేంద్రాల మధ్య ఎడం 1.25 కిలోమీటర్లు, అంటే ఐస్‌క్యూబ్ తీగల ఎడానికి సరిగ్గా పదింతలు. ఎడం పదింతలయితే అన్నే కేంద్రాలతో నూరింతల నేలను కాపలా కాయవచ్చు. అక్కడి బోర్ల లోతు కూడా సుమారు 100 మీటర్లే. నీటి కోసం వెయ్యి అడుగులు దించే చిత్తూరు జిల్లా రైతు లెక్కలో అది చిన్న బోరే.

గాదంకి యాంటెన్నాలు, ధ్రువపు యాంటెన్నాలు

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో, పాకాల సమీపాన గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. వాతావరణపు పొరలను గమనించే అక్కడి ఎంఎస్‌టీ రాడార్‌లో 1,024 యాగీ యాంటెన్నాలు, వరుసకు 32 చొప్పున 32 వరుసలుగా, సుమారు 130 మీటర్ల భుజం ఉన్న చతురస్రంలో నిలిచి ఉన్నాయి. అవి 53 మెగాహెర్ట్జ్ వద్ద పనిచేస్తాయి. ఆ యాంటెన్నాల్లో ఏదీ కదలదు. ఒక్కోదానికి అందే సంకేతంలో అతిచిన్న ఆలస్యాలు కల్పించడంద్వారా రాడార్ కిరణాన్ని కావలసిన దిశకు వంచుతారు.

దక్షిణ ధ్రువంలోని అస్కార్యన్ రేడియో శ్రేణి తన ఐదవ కేంద్రంలో 2017–18 కాలంలో అమర్చిన పద్ధతి ఇదే సూత్రంమీద నడుస్తుంది. దాదాపు 200 మీటర్ల లోతు బోరులో దగ్గరదగ్గరగా వేలాడే యాంటెన్నాల సంకేతాలను రకరకాల ఆలస్యాలతో కూడి చూస్తే, ఏదో ఒక ఆలస్యానికి అవి అడుగు కలుపుతాయి. అప్పుడు సంకేతపు ఎత్తు యాంటెన్నాల సంఖ్యతో పెరుగుతుంది, చప్పుడు (సంకేతం కాని నేపథ్యపు గోల) మాత్రం ఆ సంఖ్య వర్గమూలంతోనే పెరుగుతుంది. ఒక్క యాంటెన్నాకు చప్పుడులో మునిగిపోయే స్పందన ఇలా బయటపడుతుంది. గ్రీన్‌ల్యాండ్ కేంద్రాల్లో నాలుగు యాంటెన్నాలతో ఇదే పని చేస్తారు.

గాదంకి పని ఒక విధంగా సులువు. తాను పంపిన తరంగపు ప్రతిధ్వనినే అది వింటుంది కాబట్టి ఏ పౌనఃపున్యంలో, ఏ క్షణాన వినాలో ముందే తెలుసు. మంచులోని యాంటెన్నాలకు ఆ వెసులుబాటు లేదు. న్యూట్రినో ఎప్పుడు వస్తుందో తెలియదు. దాని స్పందన కొన్ని నానోసెకన్లపాటే ఉంటుంది, వందల మెగాహెర్ట్జ్ మేర పరచుకుంటుంది.

స్పందన నిజమైనదని ఎలా తెలుస్తుంది?

పద్ధతిలోని కష్టమంతా ఇక్కడే ఉంది. మంచుకు తనదైన ఉష్ణ చప్పుడు ఉంటుంది. మనుషుల వాకీటాకీలు, విమానాలు, వాతావరణ బెలూన్ల ప్రసారిణులు ఉంటాయి. బలమైన గాలికి మంచు రేణువులు రాసుకుని పుట్టే స్థిరవిద్యుత్ విడుదలలు కూడా న్యూట్రినో స్పందనను పోలి ఉంటాయి. ఇవి చాలామటుకు ఉపరితలంనుంచి వస్తాయి. అందుకే సంకేతం కిందినుంచి వచ్చిందా, పైనుంచి వచ్చిందా అన్నది మొదటి పరీక్ష. మంచులో రేడియో తరంగం నానోసెకనుకు సుమారు 17 సెంటీమీటర్లు పోతుంది కాబట్టి యాంటెన్నాల మధ్య కాలభేదమే దిశను చెబుతుంది. తరంగపు ధ్రువణం, అంటే అందులోని విద్యుత్ క్షేత్రం ఊగే దిశ, జల్లు సాగిన దిశను సూచిస్తుంది.

పైనున్న మంచు పొర ఇంకో చిక్కు తెస్తుంది. ఉపరితలంనుంచి సుమారు నూరు మీటర్ల లోతు దాకా మంచు పూర్తిగా గట్టిపడి ఉండదు, లోతుతోపాటు సాంద్రత పెరుగుతూ పోతుంది. వేసవిలో చెన్నై రోడ్డుమీద వేడిగాలి కాంతి దారిని వంచి ఎండమావిని చూపినట్టే, ఈ పొర రేడియో తరంగాన్ని వంచుతుంది. ఏటవాలుగా పైకి వచ్చే తరంగం ఉపరితలానికి చేరకుండానే కిందికి మళ్లుతుంది. యాంటెన్నాను మంచు పైనే పాతితే ఎంతో మేర దానికి కనిపించకుండా పోతుంది, బోరు వేయవలసిన కారణం ఇదే. ఈ వంపు ఒక మేలు కూడా చేస్తుంది. ఒకే స్పందన నేరుగా ఒకసారి, వంగి మరోసారి చేరితే, ఆ రెంటి మధ్య కాలంనుంచి జల్లు ఎంత దూరంలో జరిగిందో లెక్కకట్టవచ్చు.

అన్నిటికంటే దగ్గరి పోలిక విశ్వకిరణాలదే. వాతావరణంలో పుట్టిన కణాల జల్లు నడిబొడ్డు మంచులోకి చొచ్చుకుపోయి అస్కార్యన్ స్పందననే పుట్టించగలదు. 2025లో అస్కార్యన్ రేడియో శ్రేణి బృందం ప్రకటించినది ఇదే. 208 రోజుల సమాచారంలో దొరికిన 13 స్పందనలు మంచు లోపల పుట్టినవనీ, వాటి సంఖ్య, దిశ, ధ్రువణం విశ్వకిరణాల నడిబొడ్డుకు సరిపోతున్నాయనీ తేల్చింది. ఇవి న్యూట్రినోలు కావు. కానీ సహజమైన మంచులో ఈ ప్రక్రియ జరుగుతుందనడానికి ఇది తొలి ప్రయోగ సాక్ష్యం. పద్ధతి పనిచేస్తుందా అన్న సందేహానికి ఇంతకంటే సూటి జవాబు ఇంతకుముందు లేదు.

రాబోయే ఏళ్లలో

ఇంత శక్తిగల న్యూట్రినోలకు భూమి పారదర్శకం కాదు. సూర్యుడినుంచి వచ్చే న్యూట్రినోలు భూమిని అవలీలగా దాటిపోతాయి. ఎక్సా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర మాత్రం మంచులో వెయ్యి, రెండు వేల కిలోమీటర్లలోపే ఢీకొనే అవకాశం ఎక్కువ. కాబట్టి భూమి అవతలి వైపునుంచి అవి రాలేవు. దిగంతానికి దగ్గరగా, పక్కవాటుగా వచ్చేవే దొరుకుతాయి. ఒక్కో కేంద్రానికి ఆకాశంలో ఒక పట్టీ మాత్రమే కనిపిస్తుందన్న మాట. దక్షిణ ధ్రువమూ గ్రీన్‌ల్యాండూ రెండూ కావలసి రావడం ఇందువల్లే.

గ్రీన్‌ల్యాండ్‌లో మొత్తం 35 కేంద్రాలు పెట్టాలన్నది ప్రణాళిక. అవి సౌరఫలకాలతో నడుస్తాయి, మన ఫోన్లలో ఉండే ఎల్‌టీఈ పద్ధతిలోనే సమాచారం పంపుతాయి. ధ్రువరాత్రి నెలల్లో ఎండ ఉండదు కాబట్టి ఏడాది పొడవునా వినడం ఇంకా సమస్యగానే ఉంది. యాంటెన్నాల దిశను సరిచూసుకోవడానికి సౌరజ్వాలల రేడియో స్పందనలను ఇప్పటికే వాడుకున్నారు. దక్షిణ ధ్రువంలో ఐస్‌క్యూబ్ రెండవ తరానికి సుమారు 500 చదరపు కిలోమీటర్ల రేడియో శ్రేణిని ప్రతిపాదించారు. అటు చంద్రగిరి నుంచి ఇటు రేణిగుంట దాకా ఎంత దూరమో, రమారమి అంత భుజం ఉన్న చతురస్రం అది.

కేఎం3నెట్ చూసినంత శక్తిగల న్యూట్రినో పదేళ్లకు పైగా కాపలా కాసిన ఐస్‌క్యూబ్‌కు ఒక్కటీ కనిపించలేదు. సిసిలీ ఘటన అదృష్టవశాత్తు దొరికిన ఒంటరి కణమా, ఏదో ఒక మూలంనుంచి కొద్దికాలం వెలువడిన ప్రవాహంలో భాగమా అన్నది ఇప్పుడున్న రెండు పరికరాలతో తేలడం కష్టం. ఆ శక్తి దగ్గరే రేడియో శ్రేణుల చూపు పదునెక్కడం మొదలవుతుంది. గ్రీన్‌ల్యాండ్ కేంద్రాలు నిండుసంఖ్యకు చేరి కొన్నేళ్లు నడిస్తే, అటువంటి మరో కణం కనిపించడమో, ఎన్నాళ్లు విన్నా కనిపించకపోవడమో ఆ రెండు వివరణల్లో ఒకదాన్ని బలహీనపరుస్తుంది.